అయిదో నంబరు

ఏలూరు,
జూలై 14.

ప్రియమైన అత్తయ్యకు,

పెర్సిస్ వందనాలు. మీకు ఫోన్ వినిపించదు కాబట్టి ఉత్తరమే రాస్తున్నాను. నాకూ ఇదే నయం. ఫోన్లో ఆఁ, ఊఁ తప్ప ఏం మాట్లాడవని నాన్న విసుక్కుంటారు. స్కూల్లో ఉన్నప్పుడు మేం ఆదివారం రాసే ఉత్తరాలను సిస్టర్ చదివి, తప్పులు దిద్ది, అప్పుడు కవరు అంటించేవారు. దీన్ని ఎవరూ దిద్దరు.

డిగ్రీలో మేజర్ అని ఒకటి, మైనర్ అని ఒకటి ఉంటాయి. మేజర్ అసలు సబ్జెక్టు. మైనర్ దాని పక్కన చదివే చిన్నది. నా మేజర్ ఎకనామిక్స్. మైనర్‌గా స్త్రీ అధ్యయనం తీసుకున్నాను. లైబ్రరీలో ఆ పుస్తకాల బీరువా ఒక్కటే ఎవరూ తాకకుండా ఉంది. తాళం కూడా లేదు. నెల రోజుల్లో సగం చదివేశాను.

నాన్నకు చెప్తే, "ఆడపిల్లవై పుట్టావు, అది చాలదా? మళ్ళీ దానికో పరీక్షా?" అన్నారు. కంప్యూటర్ మైనర్‌కి మార్చమంటున్నారు. ఫారం మీద తండ్రి సంతకం ఉండాలి. స్త్రీ అధ్యయనం చదవడానికి కూడా తండ్రి సంతకమే, తల్లికి ఆ కాగితం మీద చోటు లేదు. ఎందుకని అడుగుదామని ఆఫీసు దగ్గర క్యూలో అరగంట నిలబడ్డాను. నా వంతు వచ్చేసరికి ఫోటో ఎక్కడ అంటించాలని అడిగి వచ్చేశాను.

పదిహేనుమంది లేకపోతే మైనర్ ఎత్తేస్తారట. ప్రస్తుతం పదహారుమందిమి ఉన్నాం.

నాన్నని చిన్నప్పుడు పెంచింది మీరే కదా. మీ మాట వింటారు. ఒక్క ముక్క రాయండి. మావయ్యకు వందనాలు. చెరువు మీద పని ఎలా ఉంది?

పెర్సిస్


చెరువు గట్టు, కొల్లేటికోట దగ్గర,
ఆగస్టు 3.

పెర్సీకి అత్తయ్య దీవెనలు.

నీ ఉత్తరం ఆదివారం చర్చిలో క్రీస్తుదాసు పాస్టరు గారు ఇచ్చారు. పోస్టుమాను గట్టు మీదకి రాడు. బండి జారుతుందంటాడు.

నేను బోర్డింగులో అయిదో క్లాసు చదువుతుండగా జ్వరం వచ్చి చెవులు పోయాయి. వాటితో పాటే చదువూ పోయింది. అందుకని నీ చదువు నాకు సగమే అర్థమైంది. ఆడవాళ్ళ గురించి పుస్తకంలో ఏముంటుందే? ఎవరు రాశారు? మమ్మల్ని అడిగే రాశారా?

మీ నాన్నకి ఉత్తరం రాశాను. "దేవదానం, నీకు సంతకం పెట్టడం నేర్పింది నేను. పిల్ల కాగితం మీద పెట్టు" అని. పెడతాడు.

మీ మావయ్య పడవ మీద ఉన్నారు. పని మామూలే. సంచుల్లో తవుడు నింపి, చిల్లులు పొడిచి, చెరువంతా పాతిన గెడలకి కట్టాలి. చేప వచ్చి ఆ చిల్లుల్లోంచి తింటుంది. రోజూ తొంభై సంచులు. తవుడు తడిస్తే బరువు. పడవ అంచు మీద మోకాలు ఆనించి ఎత్తాలి, లేకపోతే భుజం దిగిపోతుంది. తర్వాత నీటికాకులు. అవి చేపల మీద దిగకుండా డబ్బా కొడుతూ గట్టు చుట్టూ తిరగాలి.

తలకి నూనె పెట్టుకుంటున్నావా?

సలోమి


ఏలూరు,
సెప్టెంబరు 20.

ప్రియమైన అత్తయ్యకు,

నాన్న సంతకం పెట్టారు. మీరేం రాశారోనని అమ్మ నవ్వుతోంది.

కానీ అత్తయ్యా, ఇక్కడ పాఠమే లేదు. మా క్లాసు కుట్టుమిషన్ల గదిలో. మాకు చెప్పేది సీతారత్నం మేడమ్. ఆవిడ అసలు సబ్జెక్టు హోంసైన్స్. దీన్ని ఆవిడకి అదనంగా అప్పజెప్పారు. మూడు నెలల్లో ఒక్క నిర్వచనం రాయించారు. రాయిస్తుండగా ఆఫీసు నుంచి కబురొచ్చింది. ఎవరో అతిథి వస్తున్నారు, స్వాగతానికి ఆరుగురు అమ్మాయిలు కావాలని. మేడమ్ మా వైపు చూశారు.

అప్పటి నుంచి అదే. ఎవరొచ్చినా మేమే. గంధం గిన్నె, పన్నీరు బుడ్డి, పూలపళ్ళెం. ముగ్గు మేమే వెయ్యాలి. వేదిక మీద మంచినీళ్ళు మేమే పెట్టాలి. "మీరు స్త్రీ అధ్యయనం వాళ్ళు కదమ్మా" అంటారు. నా పక్కన కూర్చునే శ్రీదుర్గది ఉంగుటూరు. దానికి నాలాగా నోరు మూసుకోవడం రాదు. "మన సిలబస్ అంతా బంతిపూలేనే" అంది. మేడమ్‌కి వినిపించింది. వినిపించనట్టు ఊరుకున్నారు. ఆవిడ మీద కోపం తెచ్చుకుందామంటే ఆవిడ కూడా ఎప్పుడూ పూలబుట్ట పట్టుకునే కనిపిస్తారు.

ఒకటి మాత్రం అసలైన పని ఇచ్చారు. పదిమంది ఆడవాళ్ళని కలిసి, వాళ్ళు చేసే పని గురించి ఫారాలు నింపి, నివేదిక రాయాలి. రుజువుగా ఒక ఫోటో పెట్టాలి. తీసిన చోటు, తేదీ, టైము ఫోటో కిందే దానంతటదే పడే రకం ఫోటో అయితేనే తీసుకుంటారు. లేకపోతే మేం ఇంట్లో కూర్చుని నింపామంటారట.

దసరా సెలవుల్లో మీ దగ్గరికి వస్తాను. మీ పాకలోనే ఉంటాను.

పెర్సిస్


చెరువు గట్టు,
అక్టోబరు 1.

పెర్సీకి దీవెనలు.

రా. కానీ పాక కురుస్తోంది. పాస్టరు గారింట్లో పడుకుందువుగాని, అమ్మగారితో చెప్పాను. బుధవారం స్త్రీల కూడిక ఉంటుంది. నీకు కావలసిన పదిమందీ అక్కడే దొరుకుతారు. నేనూ అక్కడికే వస్తాను.

చెరువు దాకా రాకు. వానలకి గట్టు బురదగా ఉంది. మీ మావయ్య పనిలో ఉంటారు, మాట్లాడ్డానికి తీరిక ఉండదు.

సలోమి


ఏలూరు,
అక్టోబరు 19.

ప్రియమైన అత్తయ్యకు,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చింపాను.

ముందు ఫారాల సంగతి. పనికి ఎదురుగా నంబరు వెయ్యాలి. ఒకటి రైతు, రెండు కూలీ, మూడు ఉద్యోగం, నాలుగు వ్యాపారం, అయిదు గృహిణి. కూడికలో పదిమందినీ అడిగాను. పదిమందీ ఒకటే మాట, "ఏం పనమ్మా, ఇంట్లోనే." ఒకామె చేతికి చేప పొలుసులు ఇంకా అంటుకుని ఉన్నాయి. ఆమెకి అయిదు వేశాను. మీకూ వేశాను. మీరు నా చేతిలో పెన్ను వంక చూస్తూ "వెయ్యి, వెయ్యి" అన్నారు.

మర్నాడు బస్సుకి టైముంది. మావయ్య కోసం తెచ్చిన కేకు సంచిలోనే ఉండిపోయింది. అందుకని రావద్దన్నా వచ్చాను. గట్టు బురదగా లేదు అత్తయ్యా. పాకా కురవడం లేదు. మావయ్య మంచం మీద ఉన్నారు. కుడిచెయ్యి గుండె మీద పెట్టి ఉంది, ఎవరో పెట్టినట్టు. నన్ను చూసి ఏదో అనబోయారు, మాట రాలేదు. తువాలుతో మూతి తుడిచాను. నాకు అంతకంటే ఏం చెయ్యాలో తెలియలేదు.

చెరువు మధ్యలో పడవ మీద మీరున్నారు. చీర మోకాళ్ళ పైకి కట్టి, తల మీద మావయ్య టోపీ పెట్టుకుని. మోకాలు అంచుకి ఆనించి సంచి ఎత్తారు. అచ్చం ఉత్తరంలో రాసినట్టే. అప్పుడు తెలిసింది, భుజం దిగిపోయేది ఎవరిదో. పిలిచాను. మీకు వినిపించలేదు. డబ్బా కొడుతున్నారు, అది కూడా మీకు వినిపించదు కదా. బస్సు తప్పిపోతుందని వచ్చేశాను. అది నిజం కాదు. మీరు చూస్తే ఏం చెప్పాలో తెలియక వచ్చేశాను.

ఎన్నాళ్ళ నుంచి? నాన్నకి ఎందుకు చెప్పలేదు?

నేను మీకు వేసింది అయిదు. అది తప్పు. నివేదికలో మీ సంగతి రాయనిస్తారా? పేరు మార్చేస్తాను.

పెర్సిస్


చెరువు గట్టు,
నవంబరు 9.

పెర్సీకి,

కేకు ఆయన తిన్నారు. నేను నానబెట్టి పెట్టాను. నువ్వొచ్చావని దాన్ని బట్టే తెలిసింది.

రెండేళ్ళయింది, పక్షవాతం వచ్చి. ఈ చెరువు జోగారావు గారిది, పాకా ఆయనదే. ఆయన కాపలాకి ఒంటరి మనిషిని పెట్టుకోరు, జంటనే పెట్టుకుంటారు. జీతాల పుస్తకంలో మాత్రం మత్తయి అని మీ మావయ్య పేరొక్కటే ఉంటుంది. జీతమూ ఒక్కటే. మగమనిషి లేవలేడని తెలిస్తే ఇంకో జంటని తెచ్చుకుంటారు. మేం పాక ఖాళీ చెయ్యాలి. అందుకని వాళ్ళ మనిషి వచ్చినప్పుడల్లా ఈయన పడవ మీద ఉన్నారనో, నిద్రపోతున్నారనో చెప్తున్నాను. గట్టు మీద నుంచి చూసేవాళ్ళకి టోపీ కనిపిస్తే చాలు.

మీ నాన్నకి చెప్తే తాడేపల్లిగూడెం తీసుకుపోతాడు. అక్కడ మీ అమ్మ వంటగదిలో నేనొక మూల, ఈయనొక మూల. నాకు ఇష్టం లేదు. ఇక్కడ నా పని నాకుంది.

రాసుకో. పేరు మార్చు. మీ నాన్నకి చెప్పకు.

నువ్వు వేసింది తప్పని నేననలేదు. నేను చెప్పిందే వేశావు.

సలోమి


ఏలూరు,
మార్చి 9.

అత్తయ్యా,

పాస్టరు గారికి ఫోన్ చేసి ఈ ఉత్తరం వెంటనే మీ చేతికివ్వమని బతిమాలాను. నిలబడి కాదు, కూర్చుని చదవండి.

నిన్న మహిళా దినోత్సవం. మా నివేదికలన్నీ చార్టుల మీద అంటించి హాల్లో పెట్టారు. ముఖ్య అతిథి జోగారావు గారు. కాలేజీకి మంచినీళ్ళ ప్లాంటు పెట్టించారని పిలిచారట. ఎవరొస్తున్నారో నాకు ఆయన కారు దిగేదాకా తెలియదు. గంధం గిన్నె నా చేతిలోనే ఉంది.

మీ పేరు రూతమ్మ అని మార్చాను. ఊరి పేరు తీసేశాను. మావయ్య పేరు తీసేశాను. ఎవరూ పోల్చుకోకుండా నాలుగుసార్లు సరిచూశాను. కానీ ఆ రోజు గట్టు మీద నుంచి ఒక ఫోటో తీశాను. మీకు చెప్పలేదు. కూడికలో తీసినవి మసకగా వచ్చాయి, మేడమ్ తీసుకోలేదు. అందుకని ఇది పెట్టాను. మీ మొహం కనిపించదు, వీపే కనిపిస్తుంది కదా, పరవాలేదనుకున్నాను. కింద పడే అక్షరాల సంగతి మర్చిపోయాను. కొల్లేటికోట, తేదీ, టైము, చెరువు ఎక్కడుందో చెప్పే అంకెలతో సహా.

అందరి చార్టులూ దాటుకుంటూ వచ్చి ఆయన నా చార్టు దగ్గర ఆగారు. కళ్ళజోడు తీసి, తుడుచుకుని, కింది వరస చదివారు. పక్కనున్న పెద్దమనిషి, "ఏవండోయ్, ఇది మీ చెరువే కదండీ! ఆడమనిషిని పెట్టారా కాపలాకి?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. జోగారావు గారు నవ్వలేదు. "ఇది రాసిందెవరమ్మా?" అన్నారు.

నేను ఆయన పక్కనే ఉన్నాను. గంధం గిన్నె చాపాను. ఆయన వేలు ముంచి, మెడకి రాసుకుని వెళ్ళిపోయారు.

పుస్తకాల్లో చదివాను, ఎవరి గురించి రాస్తామో వాళ్ళకి మన వల్ల హాని జరగకూడదని. పరీక్షలో అడిగితే అర పేజీ రాయగలను.

నాన్నకి చెప్పేశాను. మీరు వద్దన్నారు, అయినా చెప్పాను. పాక పోతే ఎక్కడికెళ్తారు?

నన్ను క్షమించమని అడగను. ఏం చెయ్యాలో చెప్పండి.

పెర్సిస్


చెరువు గట్టు,
మార్చి 24.

పెర్సీకి దీవెనలు.

కూర్చునే చదివాను. కోపం వచ్చింది. ఫోటో తీసినందుకు కాదు, తీసి చెప్పనందుకు. వీపైనా నాదే కదే. ఆ ముక్క నీ పుస్తకాల్లో ఎక్కడైనా రాసి ఉందేమో చూడు.

నీ ఉత్తరం కంటే ముందే జోగారావు గారి మనిషి వీరేంద్ర వచ్చాడు. నాకు వినిపించదని కాగితం మీద రాసి చూపించాడు. "నెలాఖరుకి ఖాళీ చెయ్యండి. మగమనిషి లేని చెరువని నలుగురూ నవ్వుతున్నారు." సరేనన్నాను.

రెండు రోజులకి మీ నాన్న వచ్చాడు. ఈయన కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాడు. తర్వాత నేను చేస్తాను అక్కా అని పడవెక్కాడు. రెండు గెడల దాకా వెళ్ళి, తిప్పడం చేతకాక అక్కడే నిలబడిపోయాడు. నేను ఈదుకుంటూ వెళ్ళి తీసుకొచ్చాను. తాడేపల్లిగూడెం రమ్మన్నాడు. రానన్నాను.

వాడు వెళ్ళాక నీ ఉత్తరాలన్నీ తీసి మళ్ళీ చదివాను. నా పేరుకి ఎదురుగా అయిదు ఉంది కదా. గృహిణి. సరే, అదే అవుదామనుకున్నాను.

మూడు రోజులు గృహిణిగా ఉన్నాను పెర్సీ. వంట చేశాను, ఈయనకి తలంటి పోశాను, గుమ్మంలో కూర్చున్నాను. పడవ ముట్టుకోలేదు. సంచి కట్టలేదు. డబ్బా కొట్టలేదు. మొదటిరోజు నీటికాకులు పది దిగాయి. రెండో రోజుకి లెక్క లేదు. మూడో రోజు గూడబాతులు కూడా వచ్చి, చెరువు మధ్యలో ముక్కులు ముంచి తింటున్నాయి. ఈయన మంచం మీద నుంచి అవతలికి చూసి నవ్వారు. నోరు ఒక పక్కే నవ్వింది. రెండేళ్ళలో అదే మొదటిసారి.

పదిరోజుల్లో చేప పట్టించాలి. ఈ కాస్త రోజులకి ఏ జంటా రానందట. వీరేంద్ర వచ్చి చేతులు ఊపాడు. నేను నా చెవులు చూపించాను. మూడో రోజు మధ్యాహ్నం జోగారావు గారే వచ్చారు. చెరువు వంక చూసి, తల పట్టుకుని, కాగితం తీసుకుని రాశారు. "మత్తయి సంగతి నాకు మొదటి నెల నుంచీ తెలుసమ్మా. పని జరుగుతోంది కదా అని ఊరుకున్నాను. నువ్వూ అలాగే ఊరుకో. పేరు మత్తయిదే ఉంటుంది, చెరువు నువ్వే చూసుకో."

రెండుసార్లు చదివాను. రెండేళ్ళు ఎండలో ఆ టోపీ పెట్టుకుని తిరిగాను పెర్సీ. ఎవరి నుంచి దాచానని?

"మీకు తెలిస్తే నా పేరు రాయండి" అన్నాను. నాకు వినిపించదు కదా, గట్టిగా అన్నట్టున్నాను. వీరేంద్ర అటు తిరిగాడు. ఆయన పుస్తకం తెప్పించి, మత్తయి కింద సలోమి అని పెన్సిల్‌తో రాశారు. నేను లోపలికెళ్ళి నీ పెన్ను తెచ్చిచ్చాను, కూడికలో మర్చిపోయావే, అది. కాసేపు చేతిలో తిప్పారు. పక్షుల వంక చూశారు. పెన్సిల్ మీదే దిద్దారు.

అప్పుడు పడవెక్కాను. టోపీ పెట్టుకోలేదు.

ఇక రూతమ్మ వద్దు. నీ కాగితం మీద నా పేరు రాయి. నంబరు కూడా మార్చు.

సలోమి


ఏలూరు,
ఏప్రిల్ 11.

ప్రియమైన అత్తయ్యకు,

మీ పేరు రాశాను. నంబరు మార్చడం నా వల్ల కాలేదు.

ఫారాలని కంప్యూటర్లోకి ఎక్కించాలి. అందులో ఒకటి నుంచి అయిదు దాకానే ఉన్నాయి. చెరువు కాపలా అని టైపు చేస్తే ఎర్రగీత వచ్చింది. మేడమ్ ప్రయత్నించారు, ఆఫీసువాళ్ళు ప్రయత్నించారు. "రెండు వేసెయ్యమ్మా, కూలీ" అన్నారు. మీరు ఒప్పుకుంటారా? నేను ఒప్పుకోలేదు. ఖాళీగా ఉంచితే ముందుకి వెళ్ళడం లేదు. గడువు దాటిపోయింది. మీ ఫారం లేకుండానే తొమ్మిది వెళ్ళాయి. ఒక ఫారం తక్కువని పది మార్కులు తగ్గించారు. ఆ తొమ్మిదిలోనూ తొమ్మిది అయిదులున్నాయి. ఆ పొలుసుల చెయ్యి కూడా అందులోనే ఉంది. సెలవుల్లో వచ్చి వాళ్ళని మళ్ళీ అడుగుతాను, ఈసారి వాళ్ళు పని చేసే చోట. ముందు అడిగి, తర్వాతే ఫోటో.

మా మైనర్ కూడా అనుమానమే. అయిదుగురు మారిపోయారు, పదకొండుమందిమి మిగిలాం. జూన్‌లో చెప్తామన్నారు. నాన్న ఈ ఆదివారం కంప్యూటర్ మాట ఎత్తలేదు. పడవ తిప్పడం కష్టమా అని నన్నడిగారు.

మొన్న గురువారం తనిఖీ బృందం వచ్చింది. పొద్దున్నే గంధం గిన్నెలు కడిగి కుట్టుమిషన్ల గదిలో పెట్టారు. వాటిని చూస్తుంటే మీరు గుమ్మంలో కూర్చున్న మూడు రోజులు గుర్తొచ్చాయి. శ్రీదుర్గతో చెప్పాను. మిగతావాళ్ళకి అది చెప్పింది. నేను అంతమందితో మాట్లాడలేను.

టైము టేబుల్లో ఆ గంట మా మైనర్‌దే. పదకొండుమందిమీ బెంచీల్లో కూర్చుని నోటుపుస్తకాలు తెరిచాం. గేటు దగ్గర కార్లు ఆగిన చప్పుడు వినిపించింది. ఎవరం లేవలేదు. సీతారత్నం మేడమ్ పూలబుట్టతో పరుగెత్తుకుంటూ వచ్చారు. "ఏంటమ్మా ఇది, అక్కడ ఎవరూ లేరు" అన్నారు. శ్రీదుర్గ నా వంక చూసింది. ఈసారి అది మాట్లాడలేదు.

నేను లేచాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

"పాఠం చెప్పండి మేడమ్" అన్నాను.

ఆవిడ లోపలికి వచ్చారు. తిడతారనుకున్నాను. బుట్టని కుట్టుమిషన్ మీద పెట్టి, చేతులు చీర కొంగుకి తుడుచుకుని, చాక్‌పీస్ తీసుకున్నారు. "ఎక్కడ ఆపాం?" అన్నారు.

ఎవరికీ తెలియలేదు. ఆవిడకీ తెలియలేదు. జూలైలో రాయించిన నిర్వచనం కోసం అందరం పేజీలు వెనక్కి తిప్పాం. దొరికాక ఆవిడ దాన్ని చదివి, కొట్టేయమన్నారు. బోర్డు మీద 'పని' అని రాసి, మా ఇళ్ళల్లో పొద్దున మొదట లేచేదెవరని అడిగారు.

ఏడు నిమిషాలు జరిగింది పాఠం. గంట కొట్టారు. మేడమ్ బోర్డు తుడవలేదు, మేం పుస్తకాలు మూయలేదు.

పెర్సిస్